తడి ఆరని మూల

"...తాళం నీ నడుముకే ఉన్నది, చెయ్యి మాత్రం పెట్టలేదంటవు! అటు దేవన్న కాక చేనుకు మూడు తడులు పోయె, ఇటు నీ చేనుకు మూడు పోయె. నడుమ మాదొక్కటే ఎండవట్టె. నీళ్లు మా చేను మీదికెళ్లి దుంకి పోతున్నయా?"

"నన్నడిగితే నాకేం తెలుస్తది నిలేశా? ఇచ్చేది ఆ మున్షీ మిషను, ఆపేది మున్షీ."

"మున్షీకి మొగడున్నడా జైల్ల? నీకున్నడు."

"తాళం జాలీ కడుగుటానికి ఇచ్చిన్రు. నాచు తీస్త, మూత ఏస్త, ఇంటికి పోత. వాల్వు మీద నా చెయ్యి పడక యేడాది దాటింది."

"ఆ చెయ్యే దొరకాలె నాకు ఒక్కపారి."

నిలేశ్ బకెట్టును కాలితో తన్నాడు. నాచు, నత్తగుల్లలు, చిరిగిన పాలిథీన్ సంచి ముత్తెమ్మ కాళ్ల మీద పడ్డాయి. బకెట్టు అంచు మోకాలి చిప్పకు తగిలింది. ఆమె మోకాలు పట్టుకోలేదు. అతడు గట్టు దిగి కనబడకుండా పోయేదాకా అట్లాగే నిలబడి, తరువాత బకెట్టు తెచ్చుకుని నాచు మళ్లీ చేతులతో ఎత్తుకుంది.

కుండల్‌వాడి నుంచి జీపులో అరగంట దూరం, మంజర ఒడ్డున ఊరు. మార్చి రెండో వారం. ఇంకా పదిగంటలన్నా కాలేదు, చాంబర్ మీది ఇనుప మూత అప్పటికే చెయ్యి పెట్టనివ్వడం లేదు.

నలభై ఎనిమిదేళ్ల ముత్తెమ్మకు తన్నులు కొత్త కాదు. పద్దెనిమిదో ఏట ఇస్లాపూర్ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. అత్తింటివాళ్లది నీరడి పని. ఎవరి చేనుకు ఎప్పుడు, ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే పని. చెరువు కింద మామ చేశాడు. నది మీద లిఫ్టు వచ్చాక మొగుడు మారోతి చేశాడు. లిఫ్టు నీళ్లు గట్టు మీది సిమెంటు చాంబర్లో పడి, అక్కడి నుంచి పైపుల్లో చేలకు పోతాయి. మూడో లైను మీద ఏడిళ్లవాళ్ల చేలు ఉన్నాయి. చివరి రెండెకరాలు మారోతివే. వాల్వు తిప్పే పానా మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది, పైన అడ్డపిడి, కింద చదరపు నోరు, ఏడు కిలోల ఇనుము. మారోతి తాగి పడుకున్న రోజుల్లో ముత్తెమ్మే తిప్పేది. ఏ పైపులో ఎంత నీరు పోతున్నదో గట్టు మీద కూర్చుని చప్పుడు విని చెప్పేది.

మారోతి ఆమెను చేతికి దొరికినదానితో కొట్టేవాడు. చెప్పు, ముల్లుకర్ర, ఒకసారి పీట. పీట తగిలిన చోట ముందుపన్ను లేదు. పానాతో మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. "గది పనిముట్టు. దాని మీద అన్నం తింటున్నం," అనేవాడు.

రెండేళ్ల కింద ఏప్రిల్లో ఆ పానాతోనే సుమిత్‌ను చంపాడు.

సుమిత్ నిలేశ్‌కు అన్న, సుందరాబాయి పెద్దకొడుకు. ఇరవై ఏడేళ్లు. ఆ ఏడు నది సన్నగిల్లి తొమ్మిది రోజులకొక వంతు వచ్చేది. సుమిత్ వంతు కాని నాడు తన చేను మూలనున్న తూము తెరుచుకున్నాడు. మారోతి పానా భుజాన వేసుకుని వచ్చాడు. తిట్టుకున్నారు. సుమిత్ చేతిలో గొడ్డలి ఉంది. అతడు గొడ్డలి ఎత్తాడని, మారోతి ప్రాణం కాపాడుకోవడానికి పానా విసిరాడని మారోతి వకీలు బిలోలి కోర్టులో చెబుతున్నాడు. అక్కడ కలుపు తీస్తున్న ఇద్దరు కూలీలు తామేమీ చూడలేదని బోనులో నిలబడి చెప్పి పోయారు. ముత్తెమ్మ కూడా పోలీసులకు, "నేనచ్చేసరికే పడున్నడు," అని చెప్పింది.

ఆమె పది అడుగుల దూరంలో సద్దిమూటతో నిలబడి ఉంది.

అరుపులు అయిపోయాక సుమిత్ గొడ్డలిని గెట్టు మీద పడేశాడు. "మూస్త తియ్, ఒర్రకు," అని తూము మూయడానికి వంగాడు. మారోతి వెనక నుంచి కొట్టాడు. మొదటి దెబ్బకు సుమిత్ మోకాళ్ల మీద కూలబడి, ఎవరో పిలిచినట్టు తల తిప్పబోయాడు. రెండోది చెవి మీద పడింది. మూడో దెబ్బకు ముందు మారోతి ఆగి పిడి మీద చేతులు సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం ముత్తెమ్మ చూసింది. తూము ఇంకా మూతపడలేదు కాబట్టి నెత్తురు నీళ్లలో కలిసి రెండు సాళ్ల పొడవునా పోయింది. మారోతి పానాను అదే నీళ్లలో కడిగాడు. "నువ్వు ఇంటికాడున్నవ్," అన్నాడు. ఆమె సద్దిమూటతో ఇంటికి పోయింది. అరగంట తరువాత ఊరితోపాటు పరుగెత్తుకుంటూ వచ్చింది.

నాందేడ్ జైల్లో జాలీ అవతలి నుంచి మారోతి ప్రతిసారీ ఒకటే మాట అంటాడు. "నువ్వు నోరు మూసుకుంటే దీపావళికి ఇంట్ల ఉంట." ఆమె తల ఊపి వస్తుంది. తిరుగు బస్సులో ఊరొచ్చేదాకా ఆమె నాలుక పన్ను లేని సందులో తిరుగుతుంటుంది.

సుందరాబాయి కొడుకు పడ్డ మూలను దున్ననివ్వలేదు. వాళ్ల ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. కొట్లాటలో చచ్చినవాడి నెత్తురు పడిన చోట మన్ను ఆరనివ్వరు. చూసినవాళ్లు నలుగురి ముందు నోరు తెరిచేదాకా రోజూ పొద్దున ఒక బిందెడు నీళ్లు పోస్తారు. అరవై ఆరేళ్ల ముసలామె తెల్లారగానే బోరింగు దగ్గర బిందె నింపుకుని, చంకనెత్తుకుని, చేను మూలకు పోతుంది. నీళ్లు పోసి, ముత్తెమ్మ చేనువైపు తిరిగి, "చూసిన కండ్లు కుళ్లిపోను! మూసిన నోట్లె పురుగులు పడ!" అని మూడుసార్లు అరుస్తుంది. వానకాలం, చలికాలం, జ్వరం వచ్చిన రోజులు, ఏదీ తప్పలేదు. ముత్తెమ్మ ఆ అరుపులు వింటూ పొయ్యి రాజేసుకుంటుంది.

సుమిత్ చచ్చాక మూడో లైనుకు నీరడి దొరకలేదు. ఎవరి పేరు చెప్పినా మిగతా ఇళ్లు ఒప్పుకోలేదు. ఒక సీజనంతా ఏడిళ్ల మొగవాళ్లు కర్రలు పట్టుకుని చాంబర్ దగ్గర కావలి కాశారు. ఒకడి చెవి తెగింది. ఒకరి ఎద్దుకు కాలు విరిగింది. చివరికి నీళ్ల సొసైటీ చైర్మన్ దేవన్న, డెబ్బై ఏళ్లవాడు, ముఖేడ్ వైపు ఏదో సొసైటీలో చూసొచ్చి మున్షీ సంగతి చెప్పాడు. దాన్ని పెట్టే కంపెనీ తరఫున నాందేడ్ నుంచి యామిని వచ్చింది. రైల్వే గార్డు కూతురు. వాళ్ల తాత కాలంలో ఆంధ్ర నుంచి వచ్చి నాందేడ్‌లో ఉండిపోయిన కుటుంబం. బడి వరండాలో నిలబడి ఆ పిల్ల తెలుగులో, మధ్యమధ్య మరాఠీలో చెప్పింది.

"ఇది ఒక్క కంప్యూటర్లో ఉండదు. ఒకదానికొకటి తెలియని వేల యంత్రాలు, దేశదేశాల్లో, ఒకే చిట్టాను కలిసి రాసుకుంటాయి. బ్లాక్‌చెయిన్ అంటారు. మీ మున్షీ ఆ చిట్టా మీదే బతుకుతుంది. చేనులో పాతిన గుంజ తడి ఎంతుందో చెబుతుంది. మున్షీ తనే ఆలోచించుకుని వాల్వు తెరుస్తుంది. పై లైను మున్షీతో తనే మాట్లాడి వంతులు మార్చుకుంటుంది. ఎవరు చెప్పినా ఆగదు. మేం చెప్పినా ఆగదు. చేసిన ప్రతి పనికీ ఒక రుజువు రాసి పెడుతుంది. ఈ కొలతకు, ఈ నియమానికి, ఈ జవాబే రావాలి అని మీ ఫోనే సరిచూసి చెబుతుంది. సరిగా ఉంటే పచ్చటిక్కు."

"దేవన్న కాక అల్లుడడిగినా ఇయ్యదా?" వెనక నుంచి ఎవరో అన్నారు.

"దేవుడడిగినా ఇవ్వదు."

"గట్లయితే ఇయ్యాల్నే పెట్టుండి. దేవుడు మల్ల చూస్తడు, అల్లునికి బందైతే సాలు."

నవ్వారు. నియమాలు రాసుకునేటప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. గుంజ జరపాలన్నా, నియమం మార్చాలన్నా ఏడిళ్లవాళ్లూ ఫోను మీద కుడి బొటనవేలు పెట్టాలి. "ఆరుగురు సాలదా కాకా?" అని అడిగితే దేవన్న తల అడ్డంగా ఊపాడు. "ఆరుగురు ఒక్కటైతే ఏడోవాన్ని చంపుతరు. నేను చూసిన. ఏడుగురూ పెట్టాలె." మారోతి జైల్లో ఉన్నాడు కాబట్టి ఏడో వేలు ముత్తెమ్మది. ఆ వేలిని ఫోనులో ఎక్కించిన రోజు సుందరాబాయి వరండాలోంచి లేచి బయటికి పోయింది.

ఆ వానకాలంలో గుంజలు పాతారు. అందరి చేలల్లో నడిమధ్య పాతితే నాగలికి అడ్డమన్నారు, కాని వేరే దారి లేదు. సుందరాబాయి చేనులో మాత్రం నిలేశ్ మూల చూపించాడు. "గక్కడ పాతుండి. గక్కడ ఎవ్వలం దున్నం." పనివాళ్లకు సులువైంది. దున్నని జాగా, ట్రాక్టరు తగలదు. అక్కడే పాతి సిమెంటు పోశారు. వానలకు, చలికాలం మంచుకు ఏ చేనైనా తడిగానే ఉంటుంది. ఎండాకాలం పల్లి వేశాక గాని తేడా తెలియలేదు.

మోకాలికి దెబ్బ తగిలిన రోజు సాయంత్రం ముత్తెమ్మ యామినికి ఫోను చేసింది. మంగళవారం ఆ పిల్ల కుండల్‌వాడి దాకా బస్సులో, అక్కడి నుంచి జీపులో వచ్చింది. చాంబర్ నీడన కూర్చుని ఫోనులో పైకి కిందికి చూసింది. ముత్తెమ్మను మరాఠీలో కాకూ అని, పిన్ని అని, పిలుస్తుంది.

"నలభై ఒక్కసారి నిర్ణయం చేసింది కాకూ. నలభై ఒక్కటీ పచ్చటిక్కులే. మున్షీ లెక్క ఎక్కడా తప్పలేదు."

"మరి చేనెందుకు ఎండుతున్నది?"

"ఆ చేను తడిగా ఉందని గుంజ చెబుతోంది. తడి చేనుకు నీళ్లెందుకని మున్షీ ఆపేస్తోంది."

ఇద్దరూ గెట్టు వెంట నడిచారు. పల్లి ఆకులు రెండుగా ముడుచుకుని ఉన్నాయి. నేల మీద వేలు దూరేటన్ని పగుళ్లు. పూత రాలి, కాయ పట్టడానికి కొమ్మల నుంచి ఊడలు మన్నులోకి దిగే సమయం. తొలి ఊడలు మన్నుకు అందక ముందే కొనలు నల్లబడుతున్నాయి. మూలకు వచ్చేసరికి నేల నల్లగా ఉంది. గరిక ముంజేతి పొడవు పెరిగింది. గుంజ మొదట్లో ఒక కప్ప కూర్చుని ఉంది. యామిని వంగి మన్నులో వేళ్లు దింపింది. బురద అంటింది.

"ఇక్కడ నీళ్లు పోస్తున్నదెవరు?"

ముత్తెమ్మ చెప్పింది. ఎందుకు పోస్తున్నదో కూడా చెప్పింది. ఏమి చూసిందో చెప్పలేదు.

యామిని వేళ్ల బురదను గరికకు తుడుచుకుంది. తరువాత, "రుజువు లెక్కకే కాకూ," అంది. "గుంజ చెప్పింది నిజమా కాదా అని రుజువు చూడదు. మా పైవాళ్లు కూడా ఏం చేయలేరు. గుంజ జరపాలి, లేకపోతే ఆమె నీళ్లు ఆపాలి. వెళ్లి ఆమెకే చెబుదాం రండి."

"ఏమని చెప్దాం బిడ్డా? నీ చేతుల్తోనే చేను ఎండబెడ్తున్నవ్ అనా? ఆ మాట నా నోటితోని చెప్పాల్నా? వద్దు. గుంజ జరుపుదాం."

ఆ సాయంత్రమే ముత్తెమ్మ దేవన్న ఇంటికి పోయి అరుగు కింద నిలబడింది. దేవన్న అంతా విన్నాడు. తమలపాకు ఈనె తీస్తూ, "గుంజ చెడిపోయింది అని చెప్త. ఎందుకు ఏమిటి వద్దు. ఆదివారం ఏడుగురిని పిలుస్త," అన్నాడు. "అప్పటిదాంక ఆ చేన్లకు పోకు. వాడు మనిషి తీరుగ లేడు."

ఆమె శనివారం పోయింది. ఒక్క రోజు ఆగి ఉంటే సరిపోయేది. కాని ఇన్నేళ్లు నీళ్లు వదిలిన మనిషి, గెట్టు మీద పోతూ ఆ ఊడలను చూసి ఆగలేకపోయింది. ముసలామె బిందె తీసుకుని ఇంటికి వెళ్లాక, ఎనిమిది గంటలకు, ముత్తెమ్మ కలుపు తీసే ఖుర్పీతో మూలలోకి దిగింది. గుంజ చుట్టూ జానెడు లోతున చిన్న కాలువ తవ్వి, పోసిన నీళ్లు పక్కకు జారిపోయేట్టు చేస్తే, రేపటి దాకా గుంజ కొంచెం ఆరుతుంది, రాత్రి ఒక తడి వచ్చినా రావచ్చు. నాలుగు పెళ్లలు తీసింది. ఐదోదాని కింద ఎర్రగా కనిపించి చెయ్యి ఆగింది. ఇటుకపెళ్ల.

నిలేశ్ ఆమె వెనకనే నిలబడి ఉన్నాడు.

అన్న పడ్డ చోటును తవ్వుతున్నది అన్నను చంపినవాడి పెళ్లాం. చేతిలో ఖుర్పీ ఉంది. ముందర ఆ గుంజ ఉంది. జుట్టు ముడి పట్టి వెనక్కి లాగాడు. ఆమె వెల్లకిలా పడింది. కడుపులో తన్నాడు. రెండో తన్నుకు ఆమెకు ఊపిరి అందలేదు. జుట్టు వదలకుండానే గెట్టు వెంట ఈడ్చాడు. వంద గజాలు ఉంటుంది. మొదట్లో ఆమె కాళ్లు కూడదీసుకుని నడవడానికి చూసింది, తరువాత కాళ్లు రాలేదు. మడమలు రెండు గీతలు గీసుకుంటూ పోయాయి. దేవన్న చేనులో కలుపు తీస్తున్న రఖమాబాయి లేచి నిలబడి, "అరేయ్ నిలేశా! సస్తదిరా!" అని అరిచింది గాని దగ్గరికి రాలేదు.

చాంబర్ మూత పొద్దుననే ముత్తెమ్మ తెరిచి పెట్టింది, జాలీ కడుగుదామని.

"ఏ చెయ్యి?" అన్నాడు. "ఏ చెయ్యితోని తవ్వినవ్?"

చెప్పనక్కరలేదు. కుడిచేతికి బురద ఉంది. అతడు మోకాలు ఆమె భుజం మీద ఆనించి, ఆ చేతిని చాంబర్ అంచు మీద పరిచాడు. వేళ్లు ముడుచుకుంటుంటే ఒక్కొక్కటే తెరిచాడు. సరిగ్గా అప్పుడే కింద మోటారు ఖర్రుమని, మున్షీ వాల్వు తెరిచింది. దేవన్న చేనుకు వంతు. ఆమె అరచేతి కింద జానెడు దూరంలో నీళ్లు పోతున్న చప్పుడు ఆమెకు వినిపించింది. సగం వాల్వు, అనుకుంది. నిలేశ్ రెండు చేతులతో మూత పైకి లేపి విడిచాడు. నలభై కిలోల ఇనుము. ఎండిన కంది కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆమె అరవలేదు, నోరు తెరుచుకుంది అంతే. అతడు మళ్లీ లేపాడు. ఈసారి బొటనవేలి మీద పడేట్టు చేతిని జరిపి విడిచాడు. అప్పుడు అరిచింది.

రఖమాబాయి వచ్చేసరికి నిలేశ్ చాంబర్ అంచున కూర్చుని వాంతి చేసుకుంటున్నాడు.

నాందేడ్ సర్కారు దవాఖానలో చేతికి తీగలు వేశారు. బొటనవేలి చివరి ఎముక మూడు ముక్కలైంది. వేలు ఉంటుంది, పైచర్మం మాత్రం కుట్లతో కలిపారు, మునుపటిలా రాదు అని డాక్టరు చెప్పాడు. హవల్దారు మంచం పక్కన నిలబడి కాగితం మడిచి పట్టుకున్నాడు.

"కోణీ మార్లం?" అన్నాడు. ఎవరు కొట్టారు?

"మూత పడ్డది."

"రెండుసార్లు పడ్డదా?" ఈసారి తెలుగులోనే అడిగాడు.

ఆమె గోడవైపు తిరిగింది. అతడు రాసుకుని పోయాడు. అది ఆమె పోలీసులకు ఇచ్చిన రెండో వాంగ్మూలం.

తొమ్మిది రోజుల తరువాత ఊరికి వచ్చింది. అంతదాకా మీటింగు ఆగింది. ఆ తొమ్మిది రోజుల్లో మున్షీ సుందరాబాయి చేనును ఇంకో మూడుసార్లు దాటిపోయింది. మూడూ పచ్చటిక్కులే. సుందరాబాయి ఒక్కరోజు కూడా మానకుండా తొమ్మిది బిందెలు పోసింది. గుంజ ఎందుకు జరపాలో దేవన్న చెప్పలేదు, ఆమెకు తెలియదు.

చాంబర్ దగ్గర తుమ్మచెట్టు నీడన అందరూ కూడారు. యామిని ఫోను పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి పోయింది. దేవన్న వేలు పెట్టాడు. మిగతా నలుగురు పెట్టారు. నిలేశ్ ఎవరి ముఖమూ చూడకుండా పెట్టాడు. ఆరు.

ముత్తెమ్మ ఎడమచేత్తో కట్టు విప్పుకుంది. వేలు వంకాయ రంగులో ఉబ్బి ఉంది. కుట్లు కొనమీద అడ్డంగా పోయాయి. ఫోను అద్దం మీద ఆనించింది. కాదన్నట్టు ఎర్రగీత వచ్చింది. తుడిచి మళ్లీ ఆనించింది. నాలుగోసారి గట్టిగా ఒత్తితే ఒక కుట్టు తెగి అద్దం మీద నెత్తురు పాకింది.

"చాలు కాకూ," అని యామిని ఫోను వెనక్కి తీసుకుంది. "అది ఆ వేలిని గుర్తుపట్టడం లేదు."

"ఎడమ వేలు పెట్టమను," అన్నాడు నిలేశ్.

"ఎడమది ఎక్కలేదు. కొత్త వేలు ఎక్కించాలన్నా పాత వేలే ఒప్పుకోవాలి. దొంగవేళ్లు రావద్దని మీరే రాయించారు."

"అయితే నువ్వే మార్చు. కంపెనీ మీదే కదా!"

"మా చేతిలో లేదన్నా. ఎవరి చేతిలోనూ లేదు. అందుకే కదా పెట్టుకున్నారు."

నిలేశ్ తుమ్మమొద్దుకు ఆనించి ఉన్న గొడ్డలి తీసుకుని చాంబర్ మీది మున్షీ పెట్టెవైపు పోయాడు. "దీన్ని నరికితే ఎవలి చేతిలకు అస్తదో చూస్త!"

"అరేయ్! పెట్టె పలిగితే ఏడుగురివి బందు!"

మొదటి దెబ్బ పెట్టె మీద పడక ముందే వెనక నుంచి కర్ర అతని ముంజేతిని తాకింది. గొడ్డలి జారింది. రెండో కర్ర మెడ మీద పడింది. నలుగురు ఒక్కసారిగా మీదపడ్డారు. అందరి పల్లీ ఊడల మీద ఉంది. "నీ చేను ఎండిందని మా చేన్లు ఎండబెడ్తవారా?" ఒకడు ఆ మాట అంటూనే కొడుతున్నాడు, అనకుండా ఇంకొకడు కొడుతున్నాడు. నిలేశ్ తల చాంబర్ గోడకు తగిలింది. కనుబొమ పగిలి కన్ను నిండా నెత్తురు నిండింది. అతడు గుడ్డిగా చేతులు విసిరి ఎవడి దవడో పట్టుకుని బొటనవేలు వాడి నోట్లోకి దింపి లాగాడు. వాడు అరిచాడు. దేవన్న కర్రతో నేలను కొడుతూ, "ఇంకొక శవమా! ఇంకొక శవం కావాల్నా మీకు!" అని అరుస్తున్నాడు. ఎవరూ వినలేదు. సుందరాబాయి వచ్చి కొడుకు మీద అడ్డంగా పడితే ఒక కర్ర ఆమె వీపున తగిలింది. అప్పుడు ఆగారు.

ముసలామె లేచి కూర్చుంది. కొంగుతో కొడుకు కన్ను అదిమి పట్టింది. ఎవరినీ తిట్టలేదు. యామినివైపు చూసింది.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. నా చేను పలిగి నోరు తెరిచింది. అయినా తడున్నది తడున్నది అని మీ మున్షీ ఎందుకంటున్నది?"

యామిని దేవన్నను చూసింది. దేవన్న నేల చూశాడు.

"నేను చెప్త సుందరక్కా," అంది ముత్తెమ్మ. వేలి మీంచి నెత్తురు ముంజేతి దాకా కారుతోంది, తుడుచుకోలేదు. "గుంజ ఉన్నది సుమిత్ పడ్డ మూలకు. నువ్వు రోజూ బిందె పోసేది ఆ మూలకే. అది నీ నీళ్లను చూసి చేనంత తడి ఉన్నదనుకుంటున్నది. నేనా పొద్దు తవ్వింది గందుకే. కాలువ తీసి నీ నీళ్లు పక్కకు పంపనీకి."

నిలేశ్ తల్లి చేతిని కన్ను మీంచి తీశాడు. ముత్తెమ్మ చేతిని చూశాడు. తరువాత తన చేతులను చూసుకున్నాడు.

"నాకు ముందుగాల ఎందుకు చెప్పలే?" అంది సుందరాబాయి.

"ఏ నోటితోని చెప్పను?"

"అమ్మా," నిలేశ్ ఆమె కొంగు పట్టుకున్నాడు. "నాలుగు దినాలు ఆపే. నాలుగే దినాలు. మూల ఆరితే అదే నీళ్లిస్తది. లేకుంటే ఈ యేడు చేను పోతది."

"పోనీ."

"అమ్మా!"

"ఎండనియ్. చేను ఎండితే మల్ల ఇత్తుకుంటం." ఆమె లేచి నిలబడింది. వీపున దెబ్బ తగిలిన చోట చెయ్యి పెట్టుకుంది. "చూసినోళ్లు నోరు తెరిచిందాంక నా కొడుకు నెత్తురు ఆరద్దు. ఇద్దరు కూలోళ్లు చూడలేదని పోయిన్రు. ఇంకెవలు చూసిన్రో ఆ దేవునికే తెలుసు. రేపు పొద్దుగాల బిందె పోస్త. నేను చచ్చిందాంక పోస్త. నువ్వు గూడ నన్ను ఆపకు."

ఆమె గెట్టు వైపు రెండడుగులు వేసింది. దేవన్న కర్ర అడ్డం పెట్టబోయి తీసేశాడు. కింద మోటారు మళ్లీ ఖర్రుమంది. వాల్వు తెరుచుకుని, ఈసారి నీళ్లు చివరి చేనుకు, ముత్తెమ్మ రెండెకరాలకు పోవడం మొదలుపెట్టాయి. అందరూ ఆ చప్పుడు విన్నారు.

ముత్తెమ్మ నాలుక పన్ను లేని సందులోకి పోయి ఆగింది.

"సుందరక్కా, ఆగు," అంది. "పదకొండో తారీఖు నాడు బిలోలి కోర్టుల జడ్జి ముందర నా గవాయి ఉన్నది. సుమిత్ గొడ్డలి కింద పడేసి తూము మూయనీకి వంగినంక మా ఆయన ఎనుక నుంచి మూడుసార్లు కొట్టిండు. నేను పది అడుగుల దూరంల ఉన్న. గదే చెప్త."